ఎడారి గులాబీకి నీళ్ళెవరు పోశారు?

బురైదా,
12 ఏప్రిల్ 2013, శుక్రవారం

ఒరేయ్ అల్లాబకాషూ,

సలామ్. నీ ఉత్తరం అందింది. చదివి వంటింట్లో కూలబడి ఏడ్చాను. ఆ తర్వాత ఎగిరి గంతేసే సంగతి ఒకటి జరిగింది కాబట్టి ఏడుపు ముచ్చట త్వరగా ముగిస్తాను. మీ కంపెనీలో సౌదీవాళ్ళు ఇద్దరే ఉన్నారని నితాఖత్ చట్టం కింద కంపెనీకి ఎర్ర రంగు వేశారనీ, జూలై మూడులోగా వేరే కఫీల్, అంటే పూచీ పడే యజమాని, దొరక్కపోతే ఎగ్జిట్ కొట్టించుకుని గాలివీడు వెళ్ళిపోవడమేననీ రాశావు. మూడేళ్ళుగా ఒకే దేశంలో ఉన్నాం. ఒకరి ముఖం ఒకరం చూడలేదు. నన్ను చూడకుండానే విమానం ఎక్కుతావా? ఎక్కనివ్వను.

ఇక విను. నేను పనిచేసే ఇంటి పెద్దామె ఉమ్ సాలెహ్‌కి ఒక మొక్క ఉంది. మజ్లిస్‌లో, అంటే అతిథులు కూర్చునే పెద్ద గదిలో, మూలన పెట్టింది. అడుగున బిందెలా ఉబ్బి ఉంటుంది, పైన వేలెడు వేలెడు కొమ్మలు. పోయిన ఆమె మొగుడు జీజాన్ కొండల నుంచి ముప్పై ఏళ్ళ కిందట తెచ్చాడట. పాత మట్టి ఇంటి వాకిట్లో ఉన్నప్పుడు ఏటా గులాబీ రంగులో విరగబూసేదట. ఈ కొత్త ఇంట్లోకి వచ్చి రెండేళ్ళైంది, ఒక్క పువ్వు లేదు. ఇప్పుడు ఆకులన్నీ పసుపెక్కి రాలిపోతున్నాయి. పెద్దామె రోజూ రాలిన ఆకులు ఏరి ఒళ్ళో పెట్టుకుంటుంది.

మొన్న ఆమె కొడుకు సాలెహ్, "అమ్మా, చచ్చినదాన్ని పారేద్దాం, కొత్తది తెస్తా" అన్నాడు. ఆమె అతని చేతి మీద ఒక్కటి వేసింది. సాలెహ్‌కి ఊరి బయట మష్తల్ ఉంది, మన నర్సరీ లాంటిదే. కానీ అక్కడ పెంచేది ఖర్జూరం పిలకలూ నిమ్మ అంట్లూ, ఇలాంటివి అతనికీ తెలియవు. నవ్వుతూ, "దీన్ని బతికించినోణ్ణి రేపే నా మష్తల్లో పెట్టుకుంటా" అన్నాడు.

నేను టీ పళ్ళెం కింద పెట్టి చెప్పేశాను. "అయ్యా, మా తమ్ముడుండాడు. రాస్ తనూరాలో ఆఫీసర్ల ఇండ్లకాడ తోటలు చూస్తాడు. ఎండిపోయిన కట్టెకు కూడా చిగురు పట్టిస్తాడు."

సాలెహ్ నవ్వడం ఆపి, "కంపెనీ ఎర్రదా?" అని అడిగాడు. "ఎర్రదే" అన్నాను. "మాది పచ్చ, ఇంకొకణ్ణి తీసుకోవచ్చు. మొక్క బతికితే మాట నిలబెట్టుకుంటా" అన్నాడు. ఇంకేం కావాలిరా! నువ్వు బురైదా వచ్చేస్తావు. మష్తల్ ఇక్కడికి పావుగంట దూరమట.

ఫోన్లో చెప్పలేను. శుక్రవారం పెద్దామె ఇచ్చే పది నిమిషాలు రాయచోటిలో ఉన్న నా కూతురు పర్వీన్‌కే చాలవు. సాలెహ్ లారీ డ్రైవర్ దిలావర్ వారం వారం మీ వైపు మొక్కలు తెస్తాడు కదా, అతని చేతికే ఉత్తరాలు ఇద్దాం. తొందరగా చెప్పు, ఏం చేయాలి?

నీ అక్క,
మాబున్నీ


రాస్ తనూరా,
19 ఏప్రిల్ 2013

అక్కా,

సలామ్. ఎండిపోయిన కట్టెకు చిగురు పట్టిస్తానా? ఎప్పుడు పట్టించాను? ఇక్కడ నేను చేసేది గడ్డి కత్తిరించడం, గొట్టం పట్టుకుని నిలబడటం! నీ నోటికి తాళం వేసే మనిషి ఇంకా పుట్టలేదు. చిన్నప్పుడు నాకు ఈత వచ్చని ఊరంతా చెప్పి బావిలో తోయించావు. అదే గుర్తొచ్చింది.

కానీ ఉత్తరం నాలుగుసార్లు చదివాక నిద్ర పట్టలేదు. బురైదా! పావుగంట దూరం! మా గదిలో ఎనిమిది మందికీ చదివి వినిపించాను. అందరూ నన్ను పెళ్ళికొడుకును చూసినట్టు చూస్తున్నారు.

మొక్క సంగతి. అది ఎడారి గులాబీ, కచ్చితంగా. ఇంగ్లీషువాళ్ళు అడీనియం అంటారు. ఇక్కడ ఒక ఆఫీసర్ ఇంట్లో రెండున్నాయి, వాటిని నేనే చూస్తున్నాను. కాబట్టి నువ్వు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదులే. ఆ ఉబ్బిన బిందెలోనే నీళ్ళు దాచుకుంటుంది. నెల రోజులు మరిచిపోయినా బతుకుతుంది, రోజూ గుర్తుపెట్టుకుంటే చస్తుంది.

నువ్వు చేయాల్సింది ఇంతే. ఒక్క చుక్క నీళ్ళు పోయొద్దు. ఏసీ గాలి తగలని చోటుకు జరుపు. పొద్దున ఎండ వచ్చే కిటికీ దగ్గర పెట్టు. వారం తర్వాత బిందెను బొటనవేలితో నొక్కి చూడు. గట్టిగా ఉంటే బతుకుతుంది. మెత్తగా ఉంటే నాకు ఉత్తరం రాయి. ఒక ఆకు కూడా పంపు.

మా మందూబ్, అదే కంపెనీ కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేవాడు, ఎగ్జిట్‌కి ఒప్పుకునేవాళ్ళ పేర్లు రాసుకుంటున్నాడు. నా పేరు రాయనివ్వలేదు. "మా అక్క ఉంది" అని చెప్పాను.

నీ తమ్ముడు,
అల్లాబకాష్


బురైదా,
26 ఏప్రిల్ 2013

ఒరేయ్,

సలామ్ తర్వాత చెప్తాను. ఇది ఏం వైద్యం? కిటికీ దగ్గరికి జరిపాను. జరపడానికి పెద్దామెను బతిమాలి బతిమాలి తల ప్రాణం తోకకొచ్చింది. ఏసీ గాలి తగలడం లేదు. ఒక్క చుక్క నీళ్ళు పోయలేదు, పర్వీన్ మీద ఒట్టు. అయినా మట్టి బురదలా ఉంది! బిందెను నొక్కితే ఒక పక్క మగ్గిన అరటిపండులా వేలు దిగింది. ఇదిగో ఆకు, నువ్వే చూసుకో.

సాలెహ్ రోజూ మష్తల్‌కు పోతూ పోతూ కిటికీ వైపు చూసి, "మీ తమ్ముడు ఏమన్నాడు?" అంటాడు. నేను నీళ్ళు నములుతున్నాను. నీకు నిజంగా తెలుసా, తెలియదా? తెలియకపోతే చెప్పు. నేను కోప్పడను. కొంచెం కోప్పడతాను.

మాబున్నీ


రాస్ తనూరా,
3 మే 2013

అక్కా,

తెలుసు! నాకు తెలుసు! నువ్వు పోస్తున్నావు, లేదంటే ఇంకెవరో పోస్తున్నారు. ఏప్రిల్ ఎండలో, కిటికీ దగ్గర, వారం రోజులు నీళ్ళు లేని మట్టి బురదగా ఉండటం ఈ భూమ్మీద జరగదు. కుండీ అడుగున చిల్లు ఉందా? ఆకు చూశాను. వాసన చూశాను. లోపల వేరు కుళ్ళుతోంది.

నీ చేయి నాకు తెలియదా? ఇంటికి ఎవరొచ్చినా కడుపు పగిలేలా పెడతావు. మొక్కనూ అలాగే చూస్తున్నావు. ఒట్లు పెట్టకు, పర్వీన్ చిన్నపిల్ల.

పొద్దుట్నుంచి సాయంత్రం దాకా దాని పక్కనే ఉండి చూడు, ఎవరు పోస్తున్నారో కనిపెట్టు. మందూబ్ మళ్ళీ వచ్చాడు. మా గదిలో ముగ్గురు సంతకం పెట్టేశారు. ఇక్కడ రోజులు పరిగెత్తుతున్నాయక్కా.

అల్లాబకాష్


బురైదా,
10 మే 2013

తమ్ముడూ, నా బంగారూ,

సలామ్, సలామ్, వంద సలాములు. దొంగ దొరికింది! నవ్వాలో ఏడవాలో తెలియక ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను.

నువ్వన్నట్టే కాపలా కాశాను. వెండి సామాను తుడిచే పని మజ్లిస్‌లోకి తెచ్చుకుని కూర్చున్నాను. పొద్దున ఎవరూ రాలేదు. మధ్యాహ్నం ఎవరూ రాలేదు. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక పెద్దామెను చూడటానికి ఐదుగురు ఆడవాళ్ళు వచ్చారు. రోజూ వస్తారు. వచ్చినవాళ్ళకి ముందు జమ్‌జమ్ నీళ్ళు ఇవ్వడం ఈ ఇంటి పద్ధతి. ఆమె తమ్ముడి కొడుకు నెలకోసారి మక్కా నుంచి డబ్బాలు డబ్బాలు పంపుతాడు. చిన్న చిన్న గిన్నెల్లో పోసి ఇస్తాను. అందరూ రెండు గుక్కలు తాగి పెట్టేస్తారు. మిగిలిన నీళ్ళు మోరీలో పోయకూడదు కదా, అంత పవిత్రమైనవి! పెద్దామె లేచి, బిస్మిల్లా అని, ఒక్కో గిన్నే తీసుకెళ్ళి మొక్క మొదట్లో ఒంచింది.

నేను చూస్తూ ఉన్నాను. ఆమె రెండు గిన్నెలు ఒంచి, మోకాళ్ళు నొప్పి పుట్టి, నా వైపు తిరిగి, "మిగతావి నువ్వు పొయ్‌మే" అంది. నేను లేచి పోశాను! పోస్తుంటే అప్పుడు, అప్పుడు తగిలిందిరా బుర్రకి. ఈ పని నేను రెండేళ్ళుగా రోజూ చేస్తున్నాను. ఆమె రెండు గిన్నెలు, నేను మూడు గిన్నెలు. పండగలొస్తే పదిహేను, ఇరవై.

నీకు ఒట్టేసి రాసింది అబద్ధం కాదు. అవి నాకు నీళ్ళుగా తోచలేదు. మన అమ్మ ఫాతెహా చదివిన నీళ్ళు కాళ్ళ కింద పడకూడదని కానుగ చెట్టు మొదట్లో పోసేది కదా, అదే చేయి, అదే అలవాటు. అది నీళ్ళు పోయడం అని అమ్మ ఎప్పుడైనా అనుకుందా?

ఈ ఇల్లు కట్టాక కదా మజ్లిస్‌లో మొక్క పెట్టింది. పాత ఇంట్లో అది వాకిట్లో ఉండేది, గిన్నెలు లోపల ఉండేవి. ఎంత ప్రేమగా ముంచేశామో చూడు. కుండీకి చిల్లు కూడా లేదు, పింగాణీది, బంగారు పువ్వులున్నది.

ఇప్పుడు ఆ ముసలితల్లికి ఏమని చెప్పాలి? "నువ్వు పోసే జమ్‌జమ్ వల్ల నీ మొగుడి మొక్క చస్తోంది" అని ఏ నోటితో అనాలి? నన్ను పంపించేస్తుంది. పంపించకపోయినా ఆమె గుండె పగులుతుంది. మాట నువ్వే చెప్పాలి, బుర్ర నీది.

నీ దొంగ అక్క,
మాబున్నీ


రాస్ తనూరా,
17 మే 2013

అక్కా,

నవ్వి నవ్వి మంచం మీద నుంచి పడ్డాను. తర్వాత సిగ్గేసింది. నిన్ను అనుమానించాను. అంతకంటే పెద్ద సిగ్గు ఏమిటంటే, మా క్యాంపులో ఉమ్రాకి మక్కా వెళ్ళి వచ్చినవాళ్ళు మిగిల్చిన జమ్‌జమ్ నేనే తీసుకెళ్ళి వేప మొక్కకు పోస్తాను. నాకూ అది ఎప్పుడూ నీళ్ళుగా లెక్కలోకి రాలేదు!

పెద్దామెకు ఏమీ వద్దని చెప్పకు. వద్దంటే ఎవరు ఊరుకుంటారు? ఆ నీళ్ళు తాగడానికి ఇంకో నోరు చూపించు. నానా, అదే పుదీనా, ఒక పెద్ద తొట్టిలో వేసి మజ్లిస్‌లో ఆమె కూర్చునే చోటికి దగ్గరగా పెట్టు. పుదీనా ఎంత పోసినా తాగుతుంది. ఆ నీళ్ళతో పెరిగిన ఆకే వచ్చినవాళ్ళ టీలో పడుతుంది. ఇంతకంటే మర్యాద ఆ నీళ్ళకి ఏముంటుంది?

ఇక ఆపరేషన్. గుండె రాయి చేసుకో. మొక్కను కుండీలోంచి పూర్తిగా పెరికెయ్. మట్టి దులుపు. మెత్తబడిన భాగాన్ని కత్తితో కోసెయ్, తెల్లగా గట్టిగా ఉండే కండ వచ్చేదాకా కోస్తూనే ఉండు. సగం పోయినా భయపడకు. పాలు కారుతాయి, అవి విషం, కళ్ళు తుడుచుకోకు, చేతులు సబ్బుతో కడుక్కో. కోసినచోట దాల్చినచెక్క పొడి బాగా అద్ది, గాలి తగిలే నీడలో తలకిందులుగా కట్టి తొమ్మిది రోజులు ఉంచు. తర్వాత చిల్లున్న మట్టి కుండీలో, ముతక ఇసుకా చిన్న గులకరాళ్ళూ వేసి నాటు. నాటాక కూడా వారం దాకా నీళ్ళు లేవు.

చూసినవాళ్ళకి చంపినట్టే ఉంటుంది. అందుకే ముందు పెద్దామెను అడిగి చెయ్. మందూబ్ మే ముప్పై ఒకటి దాకా గడువిచ్చాడు. ఆ లోపు కొత్త కఫీల్ కాగితం చూపించాలట, లేకపోతే నా పేరు ఎగ్జిట్ జాబితాలో ఎక్కుతుంది. వచ్చే వారం నీ ఉత్తరం కోసం గేటు దగ్గరే నిలబడతాను.

అల్లాబకాష్


రాస్ తనూరా,
31 మే 2013

అక్కా,

సలామ్. దిలావర్ వచ్చాడు, ఉత్తరం లేకుండా వచ్చాడు. అక్క ఏమిచ్చిందని అడిగితే చేతులు తిప్పాడు. "కుఛ్ నహీ దియా భాయ్. పౌదా ఖతమ్" అన్నాడు, ఏమీ ఇవ్వలేదు, మొక్క చచ్చిందని. మీ ఇంటి బయట చెత్తడబ్బా దగ్గర బంగారు పువ్వుల కుండీ పగిలి పడి ఉందట, దాని పక్కన కుళ్ళిన వేరు ముక్కలట. పెద్దామె ఏడుపు గేటు దాకా వినిపించిందట. నువ్వు బయటికే రాలేదట.

నీ తప్పేమీ లేదు. నేనే చేతకాని వైద్యం చెప్పాను. నిన్ను పనిలోంచి తీసెయ్యకుండా ఉంటే చాలు, ఆ భయమే నన్ను తినేస్తోంది. నా గురించి ఆలోచించకు. పొద్దున మందూబ్‌కి ఖురూజ్ నిహాయి, అదే ఎగ్జిట్, కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేశాను. పాస్‌పోర్టు అతని దగ్గరే ఉంది. పది పదిహేను రోజుల్లో పంపించేస్తారట.

గాలివీడు వెళ్ళగానే రాయచోటి వెళ్ళి పర్వీన్‌ని చూస్తాను. నీ నోటి నుంచి చెప్పే మాటలేమైనా ఉంటే రాసి పంపు. నిన్ను చూడకుండా వెళ్తున్నందుకు మాత్రం నాకు చాలా కష్టంగా ఉందక్కా.

అల్లాబకాష్


బురైదా,
7 జూన్ 2013

ఒరేయ్ తొందరపాటు వెధవా!

ఎవడు చచ్చాడని సంతకం పెట్టావు? దిలావర్‌ని మా గేటు దగ్గరే పట్టుకుని తిట్టాను. నా తెలుగు తిట్లు అతనికి అర్థం కాకపోయినా రెండు అడుగులు వెనక్కి వేశాడు. పగిలింది కుండీ! మొక్క కాదు! చిల్లు లేని కుండీని నేనే పారేశాను!

ముందు ఇది చదువు. అయిదు చిగుళ్ళు. లెక్కపెట్టాను, పెద్దామె లెక్కపెట్టింది, సాలెహ్ కళ్ళజోడు పెట్టుకుని లెక్కపెట్టాడు. ఈ కవర్లో సాలెహ్ సంతకమూ ముద్రా ఉన్న కాగితం ఉంది. నిన్ను మష్తల్లోకి తీసుకుంటానని. అది పట్టుకుని మందూబ్ దగ్గరికి పరిగెత్తు. ఉత్తరం మిగతాది తర్వాత చదువుకో. పో!

పోయి వచ్చావా? సరే, ఇప్పుడు విను.

పెద్దామెను అడగమన్నావు. అడగలేదు, అదే నా తప్పు. అడిగితే వద్దంటుందని భయం. వాళ్ళంతా రియాద్‌లో పెళ్ళికి వెళ్ళిన రోజు వంటింటి కత్తితో కోశాను. సగం పోయింది. దాల్చినచెక్క ఇంట్లో ఉన్నదంతా అద్దాను. బట్టలు ఉతికే గదిలో తలకిందులుగా వేలాడదీశాను. వాళ్ళు ఒక రోజు ముందే తిరిగొచ్చారు. పెద్దామె ఆ గదిలోకి వచ్చి చూసింది. ఒక్క కేక పెట్టి గోడకు చేరగిలబడింది. నా ప్రాణం పోయింది.

"ఎందుకు చంపినావు మే? నీకేం చేసినా నేను?" అంది.

ఇంక దాచి లాభం లేదని కాళ్ళ దగ్గర కూర్చుని నిజం చెప్పేశాను. "అమ్మా, దీన్ని నువ్వూ నేనూ కలిసి ముంచినాం. గిన్నెల్లో మిగిలినవన్నీ దానికే పోసినాం."

"జమ్‌జమ్ చంపుతుందా?" అంది. ఆ చూపు చూడలేక తల వంచుకున్నాను.

"నీళ్ళు చంపలేదమ్మా. మనం ఎక్కువ పెట్టినాం. నువ్వు మనవళ్ళకు ఖర్జూరాలు అదే పనిగా పెడితే వాళ్ళకు కడుపునొప్పి రాలా? ఖర్జూరం చెడ్డదా?"

ఆమె లేచి వెళ్ళిపోయింది. పది రోజులు నాతో మాట్లాడలేదు. మజ్లిస్‌లోకి రానివ్వలేదు, ఉత్తరం కాగితం అడిగితే ఇవ్వలేదు. దిలావర్ వచ్చిన రోజు నన్ను వంటింట్లోంచి కదలనివ్వలేదు. కానీ మొక్కను మాత్రం పారేయనివ్వలేదు. రోజుకు నాలుగుసార్లు ఆ గదికి వెళ్ళి చూసేది. నాటే రోజు తనే ముతక ఇసుక జల్లెడ పట్టింది, నా వైపు చూడకుండా.

నిన్న పొద్దున ఫజర్ అయ్యాక నా గది తలుపు దబదబా కొట్టింది. "లేయ్! లేయ్ మే మాబున్నీ!" ఏమైందో అని పరిగెత్తాను. నన్ను రెక్క పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళింది. కొమ్మ చివర గోరంత పచ్చగా! అరుస్తోందిరా, డెబ్బై ఏళ్ళ మనిషి, చిన్నపిల్లలా చప్పట్లు కొడుతోంది. నన్ను కావలించుకుని ఏడ్చింది. మొగుణ్ణి తలుచుకుని ఏడ్చింది. ఇద్దరం కలిసి ఆ ఏడుపంతా ఏడ్చి నవ్వాం. సాలెహ్ నిద్రలోంచి లేచొచ్చి, "ఎవరు పోయారు?" అన్నాడు.

సాలెహ్ కాగితానికి ముందు కాస్త నీళ్ళు నమిలాడు, అప్పుడు సరదాకి అన్నాను అన్నాడు. ఆమె కొడుకు వైపు తిరిగి, "నీ నోటితో అన్నావా లేదా?" అంది. అంతే. అరగంటలో ముద్ర పడింది. పుదీనా సంగతి కూడా ఆమెకు చెప్పాను, తొట్టి ఎప్పుడు తెస్తావని నన్ను అడిగింది. నువ్వు వచ్చాక నీ చేత్తోనే వేయిస్తానని చెప్పాను.

నువ్వు సంతకం పెట్టావని చదివినప్పటి నుంచి పని ఒకటి చేయబోయి ఇంకోటి చేస్తున్నాను. మందూబ్ ఆ కాగితం ఇంకా ఆఫీసులో ఇవ్వలేదని చెప్పరా. ఎవరి కాళ్ళు పట్టుకునైనా ఆపు. వచ్చే వారం ఉత్తరం లేకుండా దిలావర్ వస్తే నేను బతకను.

మాబున్నీ


బురైదా,
14 జూన్ 2013, శుక్రవారం

అక్కా,

పైన ఊరి పేరు తప్పు రాశాననుకోకు.

మందూబ్ సంచిలోనే ఉంది నా కాగితం. జవాజాత్, అదే పాస్‌పోర్టు ఆఫీసు, దగ్గర వేలమంది వరసలో ఉన్నారట, మూడు రోజులు నిలబడి విసిగిపోయి వెనక్కి వచ్చేశాడట. సాలెహ్ ముద్ర చూపించగానే నా సంతకం నా ముందే చించేశాడు. ఒక తల తగ్గిందని వాడికీ సంతోషమే. బుధవారం నకల్, అదే కఫీల్ మార్పు, అయిపోయింది. ఇప్పుడు నా కఫీల్ సాలెహ్.

రాత్రంతా దిలావర్ లారీలో వచ్చాను. మీ ఇంటి వెనక వంటింటి తలుపు బయట నిలబడి, తలుపు మీదే కాగితం ఆనించి రాస్తున్నాను. మగవాళ్ళు జుమా నమాజుకు వెళ్ళారు, ఇంట్లో ఆడవాళ్ళే ఉంటే బెల్లు కొట్టకూడదని దిలావర్ నా చెయ్యి పట్టి లాగాడు. వాళ్ళు వచ్చేదాకా ఆగమన్నాడు. మూడేళ్ళు ఆగినవాణ్ణి ఇంకో గంట ఆగలేనా అనుకున్నాను. ఆగలేకపోతున్నాను. లోపల నువ్వు గిన్నెలు కడుగుతూ ఎవరినో తిడుతున్నావు. గొంతు వినిపిస్తోంది.

ఈ కాగితం తలుపు కింద నుంచి తోస్తున్నాను. పెద్దామెను అడుగు. ఈసారి అడక్కుండా చేయకు. ఆమె సరే అనగానే పరిగెత్తుకుని రా.

చదివింది చాలు. తలుపు తియ్, అక్కా.